ఎనిమిది డిగ్రీలు

కుట్టుపని ఆవిడ మూడోసారి కళ్లజోడు పట్టుకొచ్చిన సోమవారం పొద్దున, దయగారు వెనకగదిలో ఒక అద్దం అంచు అరగదీస్తున్నాడు. తిరుగుతున్న రాయి మీద నీళ్లు సన్నగా పడుతున్నాయి. తెల్లటి గుజ్జు వేళ్ల సందుల్లోంచి జారి మణికట్టు దగ్గర ఆరిపోతోంది. ముందుగదిలోంచి వినిపించిన గొంతు ఎవరిదో వెంటనే తెలిసింది. తెలిసినా రాయి ఆపలేదు. అరిగిన అంచునే అవసరం లేకపోయినా ఇంకో చుట్టు తిప్పాడు.

ఆయనకి అసలు పేరు ఒకటి ఉంది గాని ఆ కళ్లజోళ్ల షాపులో దానితో ఎవరికీ పనిపడలేదు. ఎవరు ఏది మెచ్చుకున్నా "నాదేముందండీ, అంతా ఆయన దయ" అనేవాడు. ఏది చెడిపోయినా "తప్పు నాదే" అనేవాడు. మొదటి మాట వల్ల ఆయనకి పేరొచ్చింది. రెండో మాట వల్ల షాపుకి సుఖమొచ్చింది. తల వంచి నిలబడ్డ మనిషి మీద ఎంత కోపంగా వచ్చినవాళ్లయినా ఎంతసేపని అరుస్తారు?

రోజూ పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, నూటెనిమిది పూసలూ తిప్పాక, కళ్లు తెరిచేముందు దేవుడితో ఒక మాట అనుకునేవాడు. ఇవాళ నా చేత్తో మంచి జరిగితే నీది, చెడు జరిగితే నాది. ఆ మాట ఎవరూ నేర్పలేదు, తనే కూర్చుకున్నాడు. తనే కూర్చుకున్నానన్న సంతోషం ఒక్కోసారి లోపల మెరిసేది. దానికి సిగ్గుపడేవాడు. అంత చిన్నదానికి కూడా సిగ్గుపడగలుగుతున్నందుకు మళ్లీ కాస్త తృప్తిగా ఉండేది.

"ఆరు వారాలైంది బాబూ," అంటోంది ఆవిడ. "గీత గీసినట్టు కుట్టేదాన్ని. ఇప్పుడు కుట్టు ఒక పక్కకి లాక్కుపోతోంది. మెట్టు దిగబోతే నేల పైకి లేచి వస్తోంది."

"ఇటివ్వండి," అన్నాడు చినబాబు. షాపు పెట్టిన పెద్దాయన పోయాక దాన్ని చూసుకుంటున్న కొడుకు. ముప్పై దాటినా అందరికీ చినబాబే. కళ్లజోడుని అద్దాలు కొలిచే యంత్రంలో పెట్టి మీట నొక్కాడు. పచ్చటి అంకెలు వెలిగాయి. "చూడండి. మీ డాక్టరు చీటీలో ఎంతుంది? ఇక్కడ ఎంతుంది? వెంట్రుకవాసి తేడా ఉందా?"

"అంకెల సంగతి నాకేం తెలుసు బాబూ. కుట్టు సంగతి తెలుసు."

"మీరు కుట్టేదీ మిషను మీదేగా. మిషను అబద్ధం చెబుతుందా?"

"ఎందుకు చెప్పదూ. దారం బిగువు తప్పిందంటే రోజంతా అబద్ధమే కుడుతుంది. దానికేమైనా సిగ్గా?"

చినబాబు నవ్వాడు. కాని ఆ నవ్వు తొందరగా అయిపోయింది. "అలవాటు చేసుకోవాలమ్మా. వయసు కూడా వస్తోంది కదా."

"డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చాను. చీటీ సరిగ్గానే ఉందన్నాడు. వెనక అన్నయ్యగారున్నారుగా, ఒక్కసారి పిలవండి. పదిహేనేళ్లుగా నా అద్దాలు కోసిందాయనే."

ఇక రాయి ఆపక తప్పలేదు. దయగారు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆవిడ కళ్లజోడు మడిచి, జాగ్రత్తగా, నిద్రపోతున్న పిల్లని అందించినట్టు ఆయన అరచేతిలో పెట్టింది. జోడు లేని ఆవిడ కళ్లు చిన్నవైపోయి ఆయన ముఖం ఎక్కడుందో వెతుక్కుంటున్నాయి.

కొందరి కంటికి అద్దం బలం అన్ని వైపులా ఒకేలా ఉంటే చాలదు. ఒక దిక్కున ఎక్కువ, ఒక దిక్కున తక్కువ కావాలి. అలాంటి అద్దాన్ని ఫ్రేములో ఏ వాలులో కూర్చోబెట్టాలో డాక్టరు డిగ్రీల్లో రాస్తాడు. వాలు తప్పితే లోకం కనిపిస్తుంది గాని ఒరిగి కనిపిస్తుంది. యంత్రాలు రాకముందు దీన్ని కిటికీ దగ్గర చూసేవారు. నిలువు కమ్మీ, అడ్డ కమ్మీ కలిసేచోటుకి ఎదురుగా జోడు పట్టుకోవాలి. ఆవిడ చీటీ ప్రకారమైతే, ఫ్రేము తిన్నగా పట్టుకున్నప్పుడు అద్దంలోంచి కనిపించే కమ్మీ బయట కనిపించే కమ్మీతో ఒకే గీతగా కలిసిపోవాలి.

కిటికీ వైపు ఎత్తి చూశాడు. కమ్మీ విరిగి ఉంది. అద్దం అంచు దగ్గర తెగి, పక్కకి జరిగి, మళ్లీ మొదలైంది. మణికట్టుని ఇంతంటే ఇంత తిప్పాడు. కలిసింది. ఎనిమిది డిగ్రీలు. కొలవక్కర్లేదు, ఆ చేతికి తెలుసు.

చెయ్యి దించాడు. చినబాబు పెన్ను మూత తీస్తూ, పెడుతూ చూస్తున్నాడు. అప్పుడు దయగారి లోపల ఎప్పట్నుంచో తయారుగా ఉన్న మాట ఒకటి లేచి నిలబడింది. యంత్రం కన్నా నీ కన్నెక్కువా? ఎక్కువనుకోవడం కన్నా పెద్ద అహంకారం ఉందా?

"యంత్రం చెప్పాక నేను చెప్పేదేముందమ్మా," అన్నాడు.

"మీరు చూశారుగా అన్నయ్యగారూ. మీరు బాగుందంటే లోపం నా కళ్లదే అనుకుంటాను."

"నాదేముందమ్మా. కొన్నాళ్లు పెట్టుకోండి. ఆయన దయవల్ల సర్దుకుంటుంది."

ఆవిడ జోడుని పెట్టెలో పెట్టి మూత నొక్కింది. "అయితే కళ్లే," అంది తనలో తను అనుకున్నట్టు. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మా సూపర్వైజరమ్మ ఈ వారం చూస్తానంది. కుట్టు తిన్నగా రాకపోతే మిషను మీంచి లేపి దారాలు కత్తిరించే బల్లకి పంపిస్తుందట. ఇరవై రెండేళ్లు కూర్చున్నాను ఆ కుర్చీలో. మీరు కూడా చూశారు కాబట్టి ఇక నాకు అనుమానం లేదు."

మెట్లు దిగుతున్నప్పుడు ఆవిడ పాదం మొదటి మెట్టు ఎక్కడుందో గాలిలో తడుముకోవడం ఆయన చూశాడు. వెనకగదిలోకి వెళ్లి రాయి మళ్లీ వేశాడు.

మంగళవారం సాయంత్రం సత్సంగం. రిటైరైన మాస్టారు ఒకాయన ఇంటి మేడగదిలో పన్నెండు, పదమూడు మంది చేరేవారు. దయగారు అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచేవాడు. గుమ్మం దగ్గర అందరి చెప్పులూ జతలు కలిపి, తీసుకునేటప్పుడు వీలుగా ఉండేలా ముఖాలు బయటికి తిప్పి పెట్టేవాడు. వద్దని ఒకప్పుడు ఒకరిద్దరు అన్నారు. తర్వాత అనడం మానేశారు. ఈమధ్య కొందరు చెప్పులు గుమ్మంలోనే విసిరి లోపలికి వెళ్లిపోతున్నారు.

ఆరోజు మాస్టారు కర్తృత్వం గురించి చెప్పారు. చేసేది మనం కాదు, చేయించేవాడు వేరే ఉన్నాడు, మనం వట్టి పనిముట్లం అన్నారు. పనిముట్టు అన్న మాట దయగారికి ఎప్పుడూ ఇష్టమే. కాని ఆరోజు అది వినగానే ముందుబల్ల మీది యంత్రం గుర్తొచ్చింది. అదీ పనిముట్టే. ఆఖర్న ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు, ఎప్పుడూ లేనిది, లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఒకడికి ఒక సంగతి తెలుసనుకోండి. పైవాళ్లు అలా కాదంటున్నారు. నాకు తెలుసు అని చెబితే అది అహంకారమవుతుందా?"

మాస్టారు కాసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచి, ఆయన వైపు కాకుండా మిగతావాళ్ల వైపు చూశారు. "విన్నారా? మనకి తెలిసింది గోరంత. దాన్ని కొండంత చేసి చెప్పుకుంటాం. ఈయనకి తెలిసినచోట కూడా, చెప్పొచ్చా అని భయం. ఇలాంటి అనుమానం మనలో ఎవరికైనా వచ్చిందా? వినయమంటే ఏమిటని పోయినవారం ఎవరో అడిగారు. ఇదిగో, నిలబడి ఉంది."

చాపల మీద ఒక నిట్టూర్పు లాంటిది తిరిగింది.

"ఇంతకీ ఆ సంగతేమిటండీ?" అంది గోడవారన కూర్చున్న పెద్దావిడ, చెవి ముందుకు పెట్టి.

"సంగతిది కాదమ్మా గొప్ప, భావానిది," అన్నారు మాస్టారు.

మేడ దిగుతున్నంతసేపూ దయగారి ఒళ్లు తేలిగ్గా ఉంది. వీధిలోకి వచ్చాక ఆ తేలికేమిటో పట్టి చూశాడు. అడిగినదానికి జవాబు రాలేదు. మెప్పు వచ్చింది. తను అడగడానికి లేచినప్పుడే, లోపల ఎక్కడో, ఇదే వస్తుందని తెలుసు. కుట్టుపని ఆవిడ కళ్లని తీసుకెళ్లి ఆ మేడగదిలో అమ్ముకొచ్చినట్టనిపించింది. ఆ మాట అనుకోగానే, తనని తను ఇంత కఠినంగా చూసుకోగలుగుతున్నందుకు మళ్లీ ఆ పాత తృప్తి తల ఎత్తబోయింది. నడక ఆపి, తెలియని ఇంటి గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

బుధవారం పొద్దున దీపం ముందు కూర్చున్నాడు గాని పూసలు లెక్క తప్పాయి. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పాయి. పక్కగదిలో భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"నిన్న మేడ మీద మళ్లీ మిమ్మల్ని ఆకాశానికెత్తారట," అంది అక్కణ్ణించే. "పక్కింటావిడ చెప్పింది. దిగొచ్చారా, ఇంకా పైనే ఉన్నారా?"

ఆయన లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పాలనుకోలేదు. చెప్పేశాడు. కుట్టుపని ఆవిడ, కిటికీ, ఎనిమిది డిగ్రీలు.

భార్య దుప్పటి అంచులు కలుపుతూ విన్నది. "మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసని మనం అనుకోవడమే..."

"మాస్టారి మాట కాదు. అద్దం తప్పని మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

నెల నుంచి. నెలన్నర కిందట షాపు సర్దినప్పుడు యంత్రాన్ని ముందుబల్ల మీదికి మార్చారు. మారుస్తుంటే బల్ల అంచుకి గట్టిగా తగిలింది. లోపలి కన్ను కాస్త పక్కకి తిరిగినట్టుంది. అద్దం మీద ఎక్కడ కొయ్యాలో చుక్కలు పెట్టేదీ అదే, కోశాక సరిచూసేదీ అదే. కాబట్టి ఎప్పుడు చూసినా అంకెలు కలుస్తాయి. మొదట పదకొండు జతలు వెనక్కొచ్చాయి. పదకొండుసార్లూ తప్పు నాదేనని చెప్పి, యంత్రం జోలికి పోకుండా కిటికీ దగ్గర చూసుకుని మళ్లీ కోసిచ్చాడు. అవి బాగున్నాయి. వెనక్కొచ్చేవి ఎక్కువవుతున్నాయని విసుక్కుని, యంత్రం సరేనన్న జతని మళ్లీ కొయ్యొద్దని చినబాబు హుకుం వేశాడు. ఆ తర్వాత వచ్చింది కుట్టుపని ఆవిడ.

"అంటే పదకొండు అబద్ధాలు," అంది భార్య.

"అబద్ధమా?"

"మీది కాని తప్పుని మీదన్నారుగా. దాన్నేమంటారు మరి? మొదటిసారే యంత్రం చెడిందని చెప్పుంటే ఆ ఒక్కరితోనే పోయేది."

"నా మీద వేసుకున్నానే గాని ఇంకొకరి మీద నెట్టలేదు కదా."

"ఇంకొకరి మీదే పడింది కదా." దుప్పటి మడతని మోకాలి మీద అదిమింది. "తల వంచుకోవడం దేవుడి ముందు బాగుంటుంది. ఆయనకి మీ అద్దాలక్కర్లేదు. ఆవిడకి కావాలి. ఇంకో మాట. ముప్పై ఏళ్ల కాపురంలో, ఈ ఇంట్లో ఒక్కసారంటే ఒక్కసారి, తప్పు నాదే అని మీ నోట నేను వినలేదు. అదంతా షాపుకే ఎందుకు దాచిపెట్టారు?"

ఆయనకి నవ్వు రాలేదు. ఆవిడా నవ్వించడానికి అనలేదు. షాపులో, సత్సంగంలో ఆ మాట అంటే బదులుగా ఏదో వస్తుంది. ఇక్కడ రాదు. అంతే తేడా.

ఆ రోజంతా చెబుదామనే అనుకున్నాడు. చినబాబు ఫోనులో ఉన్నాడు. తర్వాత ఎవరో వచ్చారు. తర్వాత చినబాబు ముఖం చిరాగ్గా ఉంది. ఆ పూటకి ఊరుకోవడానికి ప్రతిసారీ ఒక మంచి కారణం దొరికింది.

గురువారం చినబాబు షాపు తీస్తుండగానే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో ఒక కాగితం, దాని మీద స్కేలుతో గీసిన అడ్డగీత, నిలువుగీత. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాటిలోంచి, చీటీలో కుట్టుపని ఆవిడ వాలే ఉన్న ఐదు జతలు.

"యంత్రం తప్పు చూపిస్తోంది బాబూ. ఎనిమిది డిగ్రీలు," అన్నాడు. "ఇవి అయిదూ అంతే. చూడండి."

చినబాబు నవ్వుతూనే జోడు తీసుకుని గీత మీద పట్టుకున్నాడు. రెండోది పట్టుకున్నాడు. మూడోదాంట్లోనూ గీత విరిగేసరికి నవ్వు పోయింది. ఐదోది పట్టుకోలేదు.

"మరి వెనక్కొచ్చినవన్నీ మీ చేతి పొరపాటన్నారుగా. పదకొండుసార్లూ మీరే అన్నారు. నేనడగలేదే, మీరే అన్నారు."

"అన్నాను."

"మీరన్నారని నేను యంత్రాన్ని చూడలేదు. పెద్దవాళ్లు, చెయ్యి ఒణుకుతోందేమో, మాటంటే బాధపడతారని ఊరుకున్నాను. ఎన్నాళ్లుగా తెలుసు మీకు?"

"నెల."

చినబాబు కుర్చీలో కూర్చున్నాడు. కాగితం మీది గీతల్నే చూశాడు. ఈ నెలన్నరలో అలాంటి అద్దాలు ఎన్ని బయటికి వెళ్లాయో ఇద్దరూ మనసులో వేసుకుంటున్నారు. నలభై ఉంటాయి.

"బాగుచేసేవాణ్ణి పిలుస్తాను," అన్నాడు చివరికి. "అడగడానికి వచ్చినవాళ్లకి మార్చిద్దాం. రానివాళ్లు ఈపాటికి అలవాటు పడిపోయుంటారు, కదిలించకండి. ఎవరైనా గట్టిగా అడిగితే మీ పొరపాటేనని చెప్పండి. మీరంటే ఎవరూ ఏమీ అనరు." ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆయన మంచితనం మీద నమ్మకంతో అన్నాడు.

దయగారు వెనకగదిలోకి వెళ్లి కుట్టుపని ఆవిడ చీటీ నకలు వెతికి తీశాడు. ఎవరి అనుమతీ అడక్కుండా రెండు కొత్త అద్దాలు తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కమ్మీ విరిగింది. తిప్పాడు. కలిసింది. అక్కడ తన చేత్తో మూడు చుక్కలు పెట్టాడు. రాయి మీద అంచు అరుగుతుంటే ఆ రోజు దేవుడు గుర్తురాలేదు, తనూ గుర్తురాలేదు. అద్దం ఒక్కటే ఉంది.

శుక్రవారం పొద్దున షాపుకి వెళ్లకుండా తిన్నగా ఆవిడ పనిచేసే చోటికి వెళ్లాడు. రెండో అంతస్తులో పొడుగాటి హాలు. వరసగా ముప్పై మిషన్లు, ఒకేసారి వాన పడుతున్నట్టు చప్పుడు. ఆవిడ ఆ వరసల్లో లేదు. వెనకగోడ దగ్గర, వెలుతురు తక్కువున్నచోట, పొడుగు బల్ల ముందు నిలబడి కుట్టేసిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరిస్తోంది. బుధవారం మధ్యాహ్నమే పంపించేశారట. వారం చూస్తానన్నవాళ్లు, ఒక కట్ట మొత్తం వెనక్కి రావడంతో ఆగలేదు.

ఇద్దరి మధ్యా చొక్కాల గుట్ట. ఆయన ఆవిడ జోడు తీసుకుని ఆ ఫ్రేములోనే కొత్త అద్దాలు నొక్కి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుంది. ఎదురుగా ఉన్న చొక్కా అంచు చూసింది. తల ఎత్తి గోడకీ కప్పుకీ మధ్య గీత చూసింది. మళ్లీ చొక్కా చూసింది. ముఖంలో ఏదో మొదలై, మధ్యలో ఆగిపోయింది.

"సోమవారం కిటికీ దగ్గర పట్టుకున్నారే. అప్పుడే తెలుసా?"

"తెలుసు."

ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టింది. "నేను ఇంటికెళ్లి దీపం దగ్గర కూర్చుని దేవుడితో మాట్లాడుకున్నాను. నువ్విచ్చిన కళ్లు, నువ్వు తీసుకుంటున్నావు, అడగడానికి నేనెవర్ని అన్నాను. నాలుగు రోజుల్నుంచి అదే చెప్పుకుంటూ సర్దుకుంటున్నాను. ఆయనకేం సంబంధం లేదన్నమాట."

దయగారు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సూపర్వైజరమ్మ ఎక్కడ?" అని అడిగాడు.

మెడలో కొలత టేపు వేసుకున్న లావుపాటి మనిషి ఆవిడ. మిషన్ల చప్పుడులో ఆయన గొంతు పెంచాల్సొచ్చింది. అలవాటు లేని పని. "ఈవిడ కళ్లు బాగున్నాయి. అద్దాలు తప్పు. మా షాపు యంత్రం చెడింది. అద్దాలు నేనే కోశాను."

"ఈవిడ నెల నుంచీ అదే మొత్తుకుంటోంది. మీ షాపువాళ్లే కాదన్నారటగా?"

"కాదన్నది నేను."

సూపర్వైజరు ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "రాసివ్వండి. పైవాళ్లకి చూపించాలి."

కాగితం ఒకటి ఇచ్చింది. దయగారు మిషను బల్ల చివర వంగి నిలబడి రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ పని చేస్తున్నాననీ, వాలు చూడ్డంలో తన కన్ను తప్పదనీ, ఆ అద్దాలు ఎనిమిది డిగ్రీలు తప్పనీ, ఆ సంగతి తెలిసి కూడా ఆవిడకి చెప్పలేదనీ రాశాడు. షాపు పేరు రాసి సంతకం పెట్టాడు. తన కన్ను తప్పదన్న ముక్క దగ్గర చెయ్యి ఆగింది. అది నిజం కాబట్టి కొట్టెయ్యలేదు. ఈ కాగితం సాయంత్రానికి చినబాబు దాకా వెళుతుంది. వెళ్లాక తనకి వెనకగది ఉంటుందో లేదో తెలియదు.

సూపర్వైజరు చదివి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. "ఆ కుర్చీలో వేరే అమ్మాయిని కూర్చోబెట్టాను. ఆ పిల్ల ఏ పాపం చేసిందని లేపను? ఖాళీ వచ్చినప్పుడు చూస్తాను. వస్తుందో రాదో మాటివ్వలేను." అని వరసల్లోకి వెళ్లిపోయింది.

కుట్టుపని ఆవిడ ఆయనతో మెట్ల దాకా వచ్చింది. సాగనంపడానికి కాదు, అడగాల్సినదొకటి ఉంది.

"ఇంకోసారి అద్దాలు మార్చాల్సొస్తే ఎక్కడికెళ్లాలో చెప్పండి," అంది. అన్నయ్యగారూ అనలేదు.

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. ఆవిడకి సరైనది చెప్పడానికే ఆలోచించాడు.

"పోస్టాఫీసు ఎదురుసందులో, రంగులమ్మే కొట్టు పైన. అక్కడొకావిడ కోస్తుంది. దాదాపు నా అంత బాగా కోస్తుంది. తప్పుంటే తప్పని చెబుతుంది."

"పోస్టాఫీసు ఎదురుసందు," అంది ఆవిడ గుర్తుపెట్టుకుంటూ. వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వెళ్లి, కత్తెర తీసుకుని, పై చొక్కా అందుకుంది.